మంత్రసాని అంటే తిట్టా?

పోస్టు కొంచెం పెద్దదే. కోపం వచ్చినా చివరిదాకా చదివి, తర్వాతే కోప్పడండి.

మొన్న సమావేశంలో స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూస్తుంటే ఒకమ్మాయి జీఎన్ఎం కోర్సుకు సాయం అడిగింది. కాన్పులు చేసే నర్సు కావాలని ఉందని తన చేత్తో రాసుకుంది. ఒక పెద్దాయన "ఇంత చదివించి చివరికి మంత్రసానిని చేస్తామా?" అన్నారు. అందరూ నవ్వారు. దరఖాస్తు పక్కకు పోయింది. ఆయన పేరు రాయను. అది ఆయనొక్కరి మాట కాదు, మన ఇళ్లన్నిటిలో తిరిగే మాటే. అందుకే జవాబు కూడా అందరికీ రాస్తున్నా.

ముందు ఆ పదం సంగతి. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అని సామెత. దాన్ని మనం ఎగతాళికి వాడతాం గానీ, అందులో ఉన్నది పనిమంతురాలి ధర్మం. అర్ధరాత్రి కబురొస్తే లేచి పోవాలి. బిడ్డ అడ్డం తిరిగినా, తల్లికి నెత్తురు ఆగకపోయినా మధ్యలో వదిలి రాకూడదు. మనలో ఎంతమంది ఉద్యోగాలకు ఇంత గట్టి షరతు ఉంది? అలాంటి మనిషికి మన తాతల కాలంలో ఇచ్చిందేమిటి? చేటలో బియ్యం, ఒక పాత చీర, వాకిట్లో చోటు. మైల మన ఇంటిది, దాన్ని మోసింది మాత్రం ఆమె. ఇప్పుడు పురుడు ఆసుపత్రికి మారింది. ఆ చిన్నచూపు మాత్రం మన ఇంట్లోనే ఉండిపోయింది.

మన రాష్ట్రంలోనే, మన భాషే మాట్లాడే ఒకావిడ సంగతి చెబుతా. తుమకూరు జిల్లా పావగడ తాలూకా కృష్ణాపురానికి చెందిన నరసమ్మ. కన్నడంలో సూలగిత్తి అంటే మంత్రసాని. ఆ వృత్తే ఆమె పేరుకు ముందు చేరి సూలగిత్తి నరసమ్మ అయింది. చదువు లేదు. 12 ఏళ్లకే పెళ్లి. 12 మందిని కన్నది, నలుగురిని చిన్నప్పుడే పోగొట్టుకుంది. పని నేర్పింది నాయనమ్మో అమ్మమ్మో, ఇంట్లోని పెద్దావిడే. 20 ఏళ్ల వయసులో తన అత్త కాన్పుకు చెయ్యి వేసింది. ఆ చెయ్యి మళ్లీ వెనక్కి తీసుకోలేదు. దాదాపు 70 ఏళ్లలో 15,000కు పైగా కాన్పులు, అదీ డబ్బు తీసుకోకుండా. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2018లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 25న, 98 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఆమె పద్మశ్రీ తీసుకున్న ఫోటో మన గ్రూపులో వస్తే దండాలు పెడతాం. అదే పని మన ఇంటి పిల్ల చేస్తానంటే నవ్వుతాం. ఆ దండం ఎవరికి పెట్టినట్టు?

ఇంకో మాట ఆలోచించండి. ఈ పని మీద మనసు ఆమెకు ఎలా కలిగింది? ఎవరూ కౌన్సెలింగ్ ఇవ్వలేదు. పని తెలిసిన మనిషి పక్కన నిలబడి చూసింది, చెయ్యి వేసింది, ఇది నా పని అని తెలుసుకుంది. మన పిల్లలకు ఆ అవకాశం ఏది? కాన్పు మాట వస్తే "నువ్వు లోపలికి పో" అంటాం. ఇంజినీరును, డాక్టరును పిలిచి పిల్లల ముందు శాలువా కప్పుతాం. రాత్రంతా ఒక తల్లి చెయ్యి పట్టుకుని కూర్చున్న స్టాఫ్ నర్సును ఒక్కసారైనా వేదిక మీదికి పిలిచామా? ఇంత చేసినా ఒక పిల్ల తనంతట తాను ఆ దారి వెతుక్కుంటే, మనం చేసింది ఆ దారికి అడ్డం నిలబడటం.

"అయితే మళ్లీ ఇంట్లో కాన్పులు చేయించుకోమంటావా?" అని అడిగేవాళ్లకు చెబుతున్నా. వద్దే వద్దు. నెత్తురు పోయి, బీపీ పెరిగి, ధనుర్వాతం వచ్చి తల్లులూ బిడ్డలూ పోయిన కాలం మనకు వద్దు. ఆసుపత్రిలోనే కావాలి. కానీ ఆసుపత్రిలో ఏమవుతోందో కూడా చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్లు. కర్ణాటకలో 31.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, అక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 80 దాటింది. అవసరమైన ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, దాన్ని ఎవరూ కాదనరు. పదిమందిలో ఆరుగురికి అవసరమా అన్నదే ప్రశ్న. తప్పంతా డాక్టర్ల మీదికి తోసెయ్యకండి. పంచాంగం పట్టుకుని ముహూర్తం చెప్పేది మనం. నొప్పులు చూడలేక "కోసేయండి డాక్టరమ్మా" అనేది మనం. నొప్పులు పడే గంటల్లో తల్లి పక్కన ఓపికగా కూర్చుని, ధైర్యం చెప్పి, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు డాక్టరును పిలవాలో తెలిసిన మనిషి లేకపోవడం అసలు లోటు.

ఆ మనిషినే ఇప్పుడు ప్రభుత్వాలు తయారు చేసుకుంటున్నాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌లతో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది: నర్సింగ్ చదివి అనుభవం ఉన్నవాళ్లకు 18 నెలల ప్రత్యేక శిక్షణ. ఆ అమ్మాయి అడిగిన జీఎన్ఎం కోర్సు పూర్తి పేరే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ. మనం పక్కన పెట్టింది ఆ మెట్టునే.

మన ముదగల్ సంగతి మనకు తెలియనిదా? కేసు కష్టమైతే లింగసుగూరు, అక్కడా కాకపోతే రాయచూరో బాగల్‌కోటో. ఆ దారిలో అంబులెన్సులో కూర్చున్నవాళ్లకు గంట ఎంత పొడుగో తెలుసు. సమస్యను ముందే కనిపెట్టి పంపించగల చెయ్యి ఊళ్లో ఒకటుంటే ఎన్ని ప్రాణాలకు భరోసా!

కాబట్టి నేను అడిగేవి మూడే. ఒకటి, వచ్చే సమావేశంలో ఆ దరఖాస్తు మళ్లీ తీయాలి, ఇంజినీరింగ్‌కు ఇచ్చేంతా దానికీ ఇవ్వాలి. రెండు, మే 5 అంతర్జాతీయ మంత్రసానుల దినం. ఆ రోజు మన చుట్టుపక్కల కాన్పులు చేసే నర్సులను, ఇంకా బతికున్న పాత మంత్రసానులను పిలిచి, మన పిల్లల ముందు కూర్చోబెట్టి వాళ్ల మాటలు విందాం. మూడు, నైట్ డ్యూటీ ఉంది కదా అని నర్సు సంబంధం వద్దనే పెద్దలు ఒక్క సంగతి చెప్పాలి: మీ కోడలికి రాత్రి రెండు గంటలకు నొప్పులు మొదలైతే, ఆ డ్యూటీలో ఎవరు ఉండాలి?

ఒప్పుకోనివాళ్లు కామెంట్లో రాయండి, మాట్లాడుకుందాం. నవ్వే బొమ్మ ఒక్కటి పెట్టి మాత్రం వెళ్లకండి. నవ్వడం మొన్ననే అయిపోయింది.