ఉల్లి కంచంలో ఉండాలి, మందుల పెట్టెలో కాదు



హాస్టల్లో ఒకరికి తుమ్ములు మొదలైతే చాలు, పది మంది వైద్యులు తయారవుతారు. ఒకరు పసుపు పాలు తాగమంటారు, ఇంకొకరు పచ్చి ఉల్లిపాయ తినమంటారు. ఈ సలహాల్లో నిజమెంతో తెలుసుకోవడం మనందరికీ అవసరమని మేము భావిస్తున్నాము.

దుమ్ము, పుప్పొడి, వేరుశనగ వంటివి మామూలుగా హాని చేయవు. కొందరి శరీరం మాత్రం వాటిని శత్రువులుగా పొరబడుతుంది. అప్పుడు మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. తుమ్ములు, దురద, దద్దుర్లు చాలావరకు దాని పనే. ఇదే ఎలర్జీ.

ఉల్లిలోని క్వెర్సెటిన్, పసుపులోని కర్కుమిన్ ప్రయోగశాలలో ఈ హిస్టమిన్ విడుదలను తగ్గించాయి. ఇది నిజమే. కానీ గాజు గొట్టం వేరు, మన కడుపు వేరు. 100 గ్రాముల ఉల్లిలో క్వెర్సెటిన్ కొన్ని పదుల మిల్లీగ్రాములే ఉంటుంది. మనుషులపై జరిగిన చిన్న చిన్న పరీక్షల్లో వాడిన మాత్రల్లో వందల మిల్లీగ్రాములు ఉన్నాయి. కర్కుమిన్ అయితే రక్తంలోకి చేరేదే బహు స్వల్పం.

మొక్కల్లో మందు లేదని మేము అనడం లేదు. ఈజిప్టు ప్రాంతంలో పూర్వం నుంచి వాడుతున్న ఒక మొక్క గింజల్లో ఖెల్లిన్ అనే పదార్థం ఉంది. దాని ఆధారంగా తయారైన రసాయనాలను ఆస్తమా ఉన్న రోజర్ ఆల్టూన్యన్ అనే వైద్యుడు తన మీదే ఏళ్ల తరబడి పరీక్షించుకున్నాడు. 1965లో క్రోమోలిన్ అనే మందు దొరికింది. గింజ మందు కావడానికి అంత శ్రమ పట్టింది.

మరి ఉల్లి వద్దా? తప్పక కావాలి! "ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు" అన్నారు పెద్దలు. క్వెర్సెటిన్ పై పొరల్లోనే ఎక్కువ కాబట్టి తొక్క పలుచగా తీయాలి. ఉడికినప్పుడు అది కొంత నీళ్లలోకి దిగుతుంది కాబట్టి పులుసు, సాంబారు పారబోయకూడదు. 100 గ్రాముల జామపండులో సి విటమిన్ దాదాపు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. జామ, ఉసిరి దొరికే కాలంలో వాటిని మెనూలో చేర్చాలని మా కోరిక. ఇది ఎలర్జీకి మందుగా కాదు, మంచి తిండిగా.

అంతకంటే ముఖ్యమైనవి మూడు. మొదటిది, హాస్టళ్లలో ఎలర్జీ అనుకునే దురద చాలాసార్లు గజ్జి. అది చర్మంలో చేరే సూక్ష్మమైన పురుగు వల్ల వచ్చి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. గదిలో అందరికీ ఒకేసారి మందు వాడాలి, దుప్పట్లు వేడి నీళ్లలో ఉతకాలి. రెండవది, గుడ్డు గానీ, వేరుశనగ చిక్కీ గానీ పడని పిల్లల పేర్లు వార్డెన్ గారి దగ్గర, వంటవారి దగ్గర రాసి ఉండాలి. పడని పిల్లవాణ్ణి "కొంచెం తింటే ఏం కాదులే" అని బలవంతపెట్టకూడదు. మూడవది, పెదవులు, నాలుక వాచి ఊపిరి ఆడకపోతే పసుపు పాలు కాచే సమయం కాదది. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంటికి దూరంగా ఉన్న మనకు పక్క మంచం మీదివాడే అన్న, తమ్ముడు. వాడికి ఏది పడదో తెలుసుకుని ఉండటం కూడా చదువులో భాగమే!