పరదేశి వాటా

కోత పండుగ ఆదివారం పొద్దున మా ఊరి చర్చిలోకి అడుగుపెడితే ముందుగా తగిలేది కొత్త వడ్ల వాసన. గుమ్మానికి రెండు పక్కలా వరి కంకుల కట్టలు నిలబెడతారు. బలిపీఠం మెట్ల మీద గుమ్మడికాయలు, సొరకాయలు, మక్క కంకులు, గంపెడు పత్తి, చిన్న కుండలో తోడుపెట్టిన పెరుగు, కాళ్లు కట్టేసిన నాటుకోడి. అయ్యగారు ప్రార్థన చేస్తుంటే కోడి ఒక్కసారైనా కూస్తుంది. పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుంటారు. అయ్యగారు ప్రార్థన ఆపరు. మా మండలంలో పాస్టరేటు పాస్టరేటుకీ ఈ పండుగ తేదీ మారుతుంది గాని, ఆ వాసన మాత్రం ఒక్కటే.

ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద వేలం పాట. పోయినేడు ఒక గుమ్మడికాయ యాభై రూపాయల దగ్గర మొదలైంది. పాడుకున్న పెద్దమనిషి డబ్బు కట్టి, కాయను తిరిగి గుడికే ఇచ్చేశాడు. మళ్లీ పాట పెట్టారు. అలా ఒకే కాయ మూడుసార్లు అమ్ముడుపోయింది. మూడోసారి పాడింది డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా వాడకట్టు పిల్లగాడు, వీడియో కాల్‌లో. వాళ్లమ్మ ఫోను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడింది. వాడు అంకె చెప్పినప్పుడల్లా ఆమె దాన్ని పైకి అరిచి చెప్పింది. చివరికి రెండు వేల రూపాయలకు కాయ వాడిదైంది. జనం చప్పట్లు కొట్టారు. ఆమె కళ్లు తుడుచుకుంది. కడుపు నిండిన పండుగ అది.

సాయంత్రం కమిటీ లెక్క చదివింది. ప్రహరీగోడకు ఇంత, కొత్త స్పీకర్లకు ఇంత, గేటుకు రంగులకు ఇంత. అన్నీ అవసరాలే, కాదనను. కానీ ఆ లెక్కలో ఊరి పొలిమేర దాటి పోయే రూపాయి ఒక్కటి కూడా లేదు. సముద్రం అవతలి నుంచి కానుక వచ్చింది. ఇవతలి నుంచి అవతలికి ఏమీ పోలేదు. నాకు తెలిసిన చాలా సంఘాల్లో ఇదే లెక్క. అది నన్ను ఏడాదిగా పీడిస్తోంది.

ఎందుకంటే కోతకూ పరదేశికీ ఉన్న చుట్టరికం ఇవాళ్టిది కాదు. ప్రథమ ఫలాలు తెమ్మని చెప్పిన లేవీయకాండం 23వ అధ్యాయంలోనే, పండుగ నియమాల మధ్యలోనే, ఇంకో మాట ఉంది. చేను అంచుల దాకా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అవి బీదవాడికీ పరదేశికీ వదిలేయమని. బీదవాడితో ఆగలేదు, పరదేశి పేరు కూడా పక్కనే పెట్టారు. పరిగె అంటే ఏమిటో మా తరానికి విడమరచి చెప్పక్కర్లేదు. కోత అయిపోయిన మడిలో చిన్న గంపలు పట్టుకుని, ఎండకు నడుము వంచి, ఒక్కొక్క కంకీ ఏరుకున్న ఆడవాళ్ల పిల్లలం మేం. హార్వెస్టర్లు వచ్చాక మడిలో ఏరుకోవడానికి కంకులూ మిగలడం లేదు, పిల్లల నోట ఆ మాటా మిగలడం లేదు.

బైబిల్లో పరిగె ఏరుకున్న రూతు మోయాబు దేశపు స్త్రీ. యవలకోత మొదలయ్యే వేళకు బేత్లెహేముకు వచ్చిన విధవ. పొలం యజమాని బోయజు ఆమెను ఏరుకోనివ్వడంతో సరిపెట్టలేదు. పనల్లోంచి కొన్ని కంకులు కావాలనే జారవిడవండి, ఆమెను గద్దించకండి అని కూలీలకు చెప్పాడు. ఇవ్వడంలో ఇంతకన్నా మర్యాద ఏముంటుంది? తీసుకునే మనిషి చేయి చాపాల్సిన పని లేకుండా చేశాడు.

మనం చేసుకునే ఈ పండుగ రూపం మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చింది. కార్న్‌వాల్ తీరంలో మోర్వెన్‌స్టో అనే చిన్న పల్లె. అక్కడి అయ్యగారు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ 1843 అక్టోబరులో, కొత్త గోధుమలతో చేసిన రొట్టెతో ప్రభుభోజనం ఇస్తానని ఊరివాళ్లను పిలిచారు. ఇప్పుడు ప్రపంచమంతా చేసుకుంటున్న చర్చి కోత పండుగకు అదే మొదలని చెబుతారు. హాకర్ గురించి నాకు ఇంకా ఇష్టమైన సంగతి ఒకటుంది. ఆ రాళ్ల తీరంలో ఓడలు బద్దలయ్యేవి. కొట్టుకొచ్చిన నావికుల శవాలను ఒడ్డునే ఏదో ఒక గుంటలో పూడ్చేసేవారు. హాకర్ వాళ్లను కొండ మీదికి మోయించి, తన చర్చి ఆవరణలో, ప్రార్థన చేసి పాతిపెట్టించారు. ఎవరో, ఎక్కడివాళ్లో అడగలేదు. కొత్త రొట్టె పంచిన చేతులూ, ఊరూ పేరూ తెలియని శవాలను మోయించిన చేతులూ ఒకరివే.

ఇవాళ ఇంగ్లండు పల్లె చర్చిల్లో అక్టోబరు వస్తే గోధుమ కంకుల కట్ట ఆకారంలో కాల్చిన పెద్ద రొట్టె పెడతారు. చుట్టూ ఆపిల్ పండ్లు, డబ్బాల్లో పప్పులు, సూపులు. డబ్బాలు దగ్గర్లో ఉన్న పేదల ఆహార కేంద్రానికి పోతాయి. డబ్బు చాలాచోట్ల సముద్రం దాటుతుంది. క్రిస్టియన్ ఎయిడ్ లాంటి సంస్థలు అలాంటి కానుకలతో నడుస్తున్నవే. అది 1945లో, యుద్ధంలో ఇళ్లు పోయిన ఐరోపా శరణార్థుల కోసం బ్రిటన్, ఐర్లండు సంఘాలు పెట్టుకున్నది. అక్కడి కాథలిక్కులైతే కోతకాలంలో ఒక శుక్రవారం పూట ఉపవాసం ఉండి, ఆ భోజనం ఖర్చు పరాయి దేశాలకు పంపుతారు.

అలా సముద్రం దాటి వచ్చిన సాయంతో బతికినవాళ్లం మనం. ఈ మాట తలవంపుతో చెప్పడం లేదు, కృతజ్ఞతతో చెబుతున్నాను. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నారు. పలుగూ పారా చేతికిచ్చి, కూలి ఇచ్చి, వేల మందిని బతికించారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సార్వా పంట కోతకు వచ్చి ఉంది. తెల్లారేసరికి పంట లేదు, దాన్ని కోసే మనుషులు లేరు. ఆ తర్వాత వచ్చిన బియ్యం మూటల్లో, దుప్పట్లలో ఎక్కడెక్కడి ఊళ్ల కోత పండుగ కానుకలున్నాయో ఎవరు చెప్పగలరు?

అయితే తీసుకోవడమే అలవాటైపోతే ఏమవుతుందో వందేళ్ల కిందటే ఒకాయన కనిపెట్టారు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య, మన దోర్నకల్ బిషప్పు. ఇంకా బిషప్పు కాకముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో, నిండు సభలో పాశ్చాత్యుల ముఖం మీదే చెప్పారు. మీరు మీ ఆస్తులిచ్చారు, మీ ప్రాణాలిచ్చారు, మాకు ఇంకా కావలసింది స్నేహితులు అని. సభలో కొందరు నొచ్చుకున్నారు. కానీ ఆయన అడిగింది న్యాయం. ఎప్పుడూ పైనున్న చేయి పైనే, కిందున్న చేయి కిందే ఉండిపోతే అది స్నేహం కాదు. స్నేహం కావాలంటే కింది చేయి కూడా ఏదో ఒకటి ఇవ్వాలి.

ఆయన ఆ మాట ఊరికే అనలేదు. అంతకు ఏడేళ్ల ముందే, 1903లో, తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టిన మనిషి ఆయన. మనవాళ్ల డబ్బుతో, మన మనుషులతోనే నడవాలని నియమం. ఆ తమిళ సంఘాల కానుకలు ఎక్కడికి వచ్చాయి? నిజాం రాజ్యంలో ఉన్న మా దోర్నకల్ వైపుకు. తిరునల్వేలి రైతుకు మా ఊళ్లంటే వేరే పాలన, వేరే భాష, వేరే దేశం కిందే లెక్క. మా తాతల తరానికి అక్షరాలు నేర్పిన బడుల వెనక, ఏ తాటిచెట్ల కిందో తీసి పక్కన పెట్టిన అణాలున్నాయి.

అదే 1903లో ఇటు నెల్లూరు నుంచి బయల్దేరి ఓడ ఎక్కిన మరో మనిషి జాన్ రంగయ్య. ఈయన కథ తెలుగు చర్చిల్లో ప్రతి కోత పండుగకూ చెప్పుకోవలసింది. ఎంతమంది చెప్పుకుంటున్నారు? 1860 నుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల నుంచి లక్షన్నర మంది కూలి ఒప్పందాల మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పోయారు. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో పని. వాళ్లలో మన తెలుగువాళ్లూ చాలామంది. కియర్స్‌నీ అనే చోట తేయాకు తోటలో ఉన్న తెలుగు బాప్టిస్టు కూలీలు తమకో బోధకుణ్ణి పంపమని నెల్లూరుకు కబురు పెట్టారు. పంపింది అమెరికా మిషను డబ్బు కాదు. తెలుగు బాప్టిస్టుల సొంత హోమ్ మిషను. రంగయ్య కుటుంబంతో వెళ్లారు, ఆ ఏడాది ముగిసేలోపే కియర్స్‌నీలో సంఘం నిలిపారు, 1915లో కన్నుమూసేదాకా అక్కడే పనిచేశారు.

ఆ హోమ్ మిషనుకు డబ్బెక్కడిది? అప్పటి మన సంఘాల్లో ఎక్కువ మంది మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. సెంటు భూమి లేనివాళ్లు. పాతికేళ్ల కిందటి కరువులో కాలువ తవ్వి బతికిన వాళ్ల పిల్లలు. వాళ్ల కానుకలు సముద్రం దాటి, వాళ్లలాంటి కూలీల దగ్గరికి చేరాయి. ఇప్పుడు స్లాబు ఇళ్లూ, చేతిలో ఫోన్లూ ఉన్న మనం "మనమే పేదోళ్లం, మనం ఇంకొకరికేం పంపుతం" అని కమిటీలో అంటున్నాం. పోయిన ఏడాది నేను విన్న మాట ఇది. అన్నాయన మంచివాడే, చర్చికి చెమటోడ్చినవాడే. ఆ మాటతో మాత్రం నేను రాజీపడలేను.

మా నాయనమ్మ కూలికి పోయేది. బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కన గూట్లో ఉన్న డాల్డా డబ్బాలో వేసేది. డబ్బా మూతకు మేకుతో పొడిచిన చిల్లులుండేవి, పురుగు పట్టకుండా లోపల రెండు వేపాకు రెబ్బలు. అన్నం తక్కువైన పూట కూడా ఆ పిడికెడు తప్పేది కాదు. తను తినే ముద్ద తగ్గించుకునేది.

"దేవుడు అన్నం తింటడా నాయనమ్మా?" అని అడిగాను ఒకసారి.

"తినేటోళ్లు యాడనో ఉంటరు బిడ్డా" అంది, ఎసరు చూసుకుంటూ.

నెలకోసారి ఆ డబ్బా చర్చిలో కుమ్మరించి, కొలిచి, అమ్మేవాళ్లు. ఈ పిడికెడు బియ్యాన్నే మిజోరంలో ప్రెస్బిటేరియన్ ఆడవాళ్లు 1910 ప్రాంతంలో మొదలుపెట్టి, ఇప్పటికీ ఇంటింటా తీస్తూ, దాని మీదే తమ సంఘంలో పెద్ద పనులు నడుపుతున్నారు. అదేమీ ధనిక రాష్ట్రం కాదు. కొండవాలుల్లో పండే ధాన్యం. మా దగ్గర మాత్రం ఆ డబ్బా నాయనమ్మతోనే పోయింది. రేషను బియ్యం వచ్చాక, పిడికెడు బియ్యానికి విలువేముంది అనుకున్నాం.

"ఊళ్లో పేదలు లేరా?" అని ఇంకొకరు అడుగుతారు. ఉన్నారు. వాళ్ల వాటా వాళ్లకు పోవాలి, ముందుగా పోవాలి. లేవీయకాండం బీదవాడి పేరే ముందు రాసింది. కానీ తర్వాతి పేరు కొట్టేసే అధికారం మనకెవరిచ్చారు? నిజానికి మా ఊరి లెక్కలో ఆ ఇద్దరిలో ఎవరి వాటా కూడా లేదు. గోడ వాటా ఉంది.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. వేలం పాటలో పదో వంతు. దాన్ని లెక్క చదవకముందే పక్కన పెట్టాలి, గోడకు తక్కువైందని ముట్టుకోకూడదు. దేశం బయటికి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలున్నాయి కాబట్టి, ఊరి సంఘం సొంతంగా పోనక్కర్లేదు, డయాసిస్ ఆఫీసు ద్వారా సరైన దారిలో పంపమనాలి. ఒక ఏడాది ఒక దేశం అని తిప్పకుండా, ఒకే ఊరినో ఒకే సంఘాన్నో పట్టుకుని పదేళ్లు వదలకూడదు. 2019 మార్చిలో ఇడాయి తుఫాను మొజాంబిక్‌లో బెయిరా పట్టణాన్నీ చుట్టుపక్కల పొలాలనూ ముంచింది. అక్కడ కూడా పంట కోతకు వచ్చే వేళే. దివిసీమలో 1977 చూసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. తడిసి మొలకెత్తిన గింజను అరచేతిలో పెట్టుకుని చూడటం ఎలా ఉంటుందో బెయిరా రైతుకు వాళ్లకన్నా బాగా ఎవరు ఉత్తరం రాయగలరు? డబ్బుతోపాటు ఆ ఉత్తరం పోవాలి. మా పిల్లల్లో ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు రాసిపెడతారు, అక్కడ పోర్చుగీసులోకి మార్చేవాళ్లు దొరుకుతారు. జవాబు వస్తే ఆదివారం చర్చిలో చదవాలి. అజరయ్య ఎడిన్‌బరోలో అడిగింది అదే కదా.

డాలస్ పిల్లగాడికి ఈ సంగతి ఫోనులో చెప్పాను. ఈసారి గుమ్మడికాయ పాట తాను పాడితే ఆ డబ్బు ఊరి గోడకు కాదు, బయటికే పోవాలని కమిటీకి రాసి పంపాడు. కమిటీలో ఇంకా మాట కుదరలేదు. పదో వంతు ఎక్కువ, ఇరవయ్యో వంతు చాలని ఒకరు, అసలు ముందు మందిరం పైకప్పు సంగతి చూడాలని ఒకరు. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.

పండుగ ఈ ఏడు నవంబరు ఆఖరి ఆదివారం అనుకుంటున్నారు. మా అమ్మ అటక మీంచి పాత స్టీలు డబ్బా ఒకటి దింపి, కడిగి, ఎండలో బోర్లించింది. వేపాకు కోసుకు రమ్మని నన్ను పంపింది.