చీరచెఱగు – మోటారుసైకిలు

మా మఱది గుడివాడలో నొక పాత బుల్లెట్టుబండిని గొనితెచ్చి, వెనుకచక్రమునకు కంపెనీవారు బిగించి పంపిన ఇనుపచట్రమును ఊడదీసి అటకమీద బెట్టెను. వాడుకలో దానిని శారీగార్డు అందురు. అది బండి సొగసును జెఱచుచున్నదట!

గత కార్తికమాసమున మచిలీపట్నమునుండి మోపిదేవి స్వామి దర్శనార్థమై బయలుదేఱి, మేము ఆ బండివెనుక కాళ్లొకప్రక్కకు వేసి కూర్చుంటిమి. చల్లపల్లి దాటినంతనే పైటచెఱగు జాఱి చక్రపు చువ్వలలో జుట్టుకొనెను. పాత నూలుచీర గనుక బఱ్ఱున చినిగెను. గట్టి పట్టుచీరయైనచో మెడకే వచ్చియుండును. 1927లో ఫ్రాన్సుదేశపు నీసు పట్టణమున ఇసడోరా డంకను అను ప్రఖ్యాత నర్తకి, కంఠవస్త్రము మోటారుకారు చక్రమున జిక్కి, అట్లే మరణించెను.

తొలినాటి మోటారుసైకిళ్ల యుపకరణములు వినుటకు ముచ్చటగా నుండును: కార్బైడుపై నీటిచుక్కలు పడగా బుట్టు వాయువుతో వెలుగు దీపము, రబ్బరుబుడ్డి నొక్కిన మ్రోగు బూర, పేముతో నల్లిన ప్రక్కబండి. దొరసానుల సైకిళ్లకైతే గౌను చిక్కకుండ వెనుకచక్రముపై దారముల వల యల్లెడివారు.

మద్రాసున బుల్లెట్టుల కూర్పు 1950వ దశకమున నారంభమయ్యెను. 1989నాటి కేంద్ర మోటారువాహన నియమములలో 123వది, వెనుకచక్రమును సగమునకు దక్కువగాకుండ గప్పు రక్షణమును, వెనుక గూర్చుండువారికి చేతిపట్టును, పాదములానుటకు ఆధారమును ఉండవలెనని విధించుచున్నది. మా మఱదికి దీనిని చదివి వినిపించితిమి.

మఱునాడే అతడు అటకెక్కెను. తుప్పు వదలించి, క్రొత్త బోల్టులతో బిగించుటకు గంటయైన బట్టలేదు. ఆ చినిగిన చెఱగుతోనే ఇప్పుడు బండి తుడుచుచున్నాడు.