చుక్కలు చాలని అక్షరాలు

చుక్కల అక్షరాలంటే నాకూ మోజే. ఈ సంచిక అట్ట మీద సంవత్సరం అంకెల్ని చుక్కలతో వేద్దామంటే ముందు చెయ్యెత్తింది నేనే. కానీ లోపల బహుమతులు గెలిచినవారి పేర్లు కూడా తెలుగులో, ఆ టైపులోనే వేద్దామని సంపాదకవర్గ మిత్రులు పట్టుబట్టినప్పుడు మాత్రం వద్దన్నాను. "ఛాందసుడివి" అన్నారు. సరే, నా గోడు మీరైనా వినండి.

ఈ అక్షరాలు షోకు కోసం పుట్టినవి కావు. 1928లో న్యూయార్క్‌లో టైమ్స్ భవనం చుట్టూ వార్తల్ని పరుగెత్తించాలంటే వేల బల్బులు వెలిగించి ఆర్పడమే దారి అయింది. తరవాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ వచ్చింది. దాని తలలో నిలువు వరసన సన్నటి పిన్నులుంటాయి. అవి రిబ్బను మీద టకటకా కొడితే కాగితం మీద చుక్కలు పడతాయి. అడ్డం 5, నిలువు 7, మొత్తం 35 చుక్కల గడి ఉంటే చాలు, ఇంగ్లీషు కాపిటల్ అక్షరాలూ అంకెలూ నిక్షేపంగా కూర్చుంటాయి.

అదే గడిలో మన 'స్త్రీ'ని కూర్చోబెట్టండి చూద్దాం! పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, దానికి తోడు రావత్తు. ఏడు వరసల్లో ఎవరో ఒకరు బయట నిలబడాల్సిందే. ఇంకో చిక్కు కూడా ఉంది. 'థ'కీ 'ధ'కీ తేడా పొట్టలో ఉన్న ఒక్క చుక్క. 'ఠ'లో చుక్క తీసేస్తే 'ర' అయి కూర్చుంటుంది. అక్షరమంతా చుక్కలే అయినప్పుడు అసలు చుక్క ఏదో పోల్చుకునేదెలా? ముగ్గులో చుక్కలు గీతకి దారి చూపిస్తాయి. ఇక్కడ గీతనే మింగేస్తున్నాయి.

మా అమ్మకి ఇంగ్లీషు రాదు. ఓసారి బస్టాండులో దీపాల బోర్డు మీద ఊరి పేరు చదువుతోంది. వత్తులన్నీ కింద తెగిపోయి ఉన్నాయి. కూడబలుక్కునేలోగా తెలుగు పోయి ఇంగ్లీషు వచ్చింది, బస్సూ వెళ్లిపోయింది. "నాకు చదువు మరుపొచ్చిందేమోరా" అంది ఇంటికొచ్చి. బోర్డుకి వరసలు తక్కువయ్యాయని చెప్పడం నాకప్పుడు చేతకాలేదు.

అలాగని తెలుగుకి చుక్కలు పనికిరావని నేననను. ఇంగ్లీషు గడిలో ఇరికించొద్దంటాను. వరసలు పెంచాలి, వత్తుకి కింద చోటు వదలాలి, పొట్టలో చుక్క చుట్టూ కాస్త ఖాళీ ఉంచాలి. 1984లో వచ్చిన మాకింటోష్ కోసం సుసాన్ కేర్ గళ్లలో ఒక్కో చుక్కా నింపుకుంటూ అక్షరాలు తయారు చేశారు. మనవాటికి అంతకంటే ఎక్కువ ఓపిక కావాలి. తెలుగు శాఖవారూ, కంప్యూటర్ల మిత్రులూ ఒక బల్ల దగ్గర కూర్చుంటానంటే గళ్లకాగితం నేను కొనిస్తాను. టీ ఖర్చు యూనియన్‌ది.

మొత్తానికి మిత్రులు దయతలిచారు. అట్ట మీద అంకెలు చుక్కలతోనే ఉన్నాయి, బాగున్నాయి కూడా. పేర్లు మామూలు టైపులో పడ్డాయి. పరుగుపందెం గెలిచినవాడి పేరులో ఓ 'థ' ఉంది, చూసుకోండి.