మద్దెల నిజంగానే ఓడైతే?

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట. ఓడిన జట్టు అభిమాని రెఫరీమీద ఒక్క మాట అనగానే అతని నోరు మూయించడానికి మనవాళ్ళు ప్రయోగించే బ్రహ్మాస్త్రం ఈ సామెత. ముప్పయిమూడేళ్ళు పిల్లలకు సామెతలు పాఠం చెప్పినవాణ్ణి కనుక ఒక ప్రశ్న వేసే అధికారం నాకున్నదనుకుంటాను. మద్దెల నిజంగానే ఓడైతే ఆమె ఏమనాలి? అందరూ ఆ నర్తకి కాళ్ళవంకే చూచారు కాని, మద్దెలను ఎవరూ తడిమి చూచినట్టు లేదు. (ఇక్కడ ‘ఓడు’ అంటే బీటలు వారినది, ఓటికుండలోని ‘ఓటి’ దాని రూపమే. పరాజయం పొందడమనే ‘ఓడు’ వేరే మాట. ఈ రెండూ చెవికి ఒకటిగా వినబడడం ఫుట్‌బాల్ అభిమానుల పాలిట శాపమైంది. వాళ్ళు మొదటి అర్థంలో ఫిర్యాదు చేస్తే, రెండో అర్థంలో జవాబు వస్తుంది.)

ఐరోపా ఫుట్‌బాల్ ఆటలను అర్ధరాత్రి దాటినదాకా మేలుకొని చూచే తెలుగు కుర్రవాళ్ళు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. మా యింట్లోనూ ఒకడున్నాడు. రెఫరీని కొన్నారనీ, పందెంరాయుళ్ళ పన్నాగమనీ వాళ్ళు వాదించుకుంటూంటే పెద్దలు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఎందుకు రాదో ఒక్క ఉదంతం చెబుతాను.

2021 డిసెంబరు 4న జర్మనీలో, డార్ట్‌మండ్ నగరంలో, బయర్న్ మ్యూనిక్ జట్టు డార్ట్‌మండ్ జట్టును 3-2 తేడాతో గెలిచింది. గెలిపించిన గోలు పెనాల్టీ. డార్ట్‌మండ్ ఆటగాడి చేతికి బంతి తగిలిందని వీడియో చూచి రెఫరీ దానిని ఇచ్చాడు. అంతకుముందు డార్ట్‌మండ్ అడిగిన పెనాల్టీ విషయంలో మాత్రం ఆ వీడియో దగ్గరకు వెళ్ళలేదు. ఆట ముగిశాక జూడ్ బెలింగ్‌హామ్ అనే పద్ధెనిమిదేళ్ళ ఆటగాడు టీవీ విలేకరి ముందు ఉండబట్టలేకపోయాడు. లోగడ ఆటను అమ్మిన వ్యవహారంలో పేరున్న రెఫరీకి జర్మనీలోకెల్లా పెద్ద ఆటను అప్పగిస్తే ఇంకేమి ఆశిస్తారన్న భావం వచ్చేలా మాట్లాడాడు. జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య అతనికి 40,000 యూరోల జరిమానా వేసింది.

కౌరవసభలో పెద్దలందరూ తలలు వంచుకున్న వేళ వికర్ణుడొక్కడే లేచి ధర్మసందేహం అడిగాడు. కర్ణుడు అతనికి జవాబు చెప్పాడా? నీవు చిన్నవాడవు, కూర్చోమన్నాడు. అది జరిగినదీ జూదపు సభలోనే.

ఇంతకూ ఆ కుర్రవాడి మాట ఎక్కడినుంచి వచ్చింది? దానికి 2004కు వెళ్ళాలి. ఆ ఆగస్టు 21న జర్మన్ కప్పులో మూడో శ్రేణి జట్టయిన పాడర్‌బార్న్‌తో పెద్ద జట్టు హాంబర్గ్ తలపడింది. హాంబర్గ్ రెండు గోల్స్ ముందుండికూడా 4-2తో ఓడింది. దాని ఆటగాడు ఎంపెంజాకు ఎర్రకార్డు చూపించారు, పాడర్‌బార్న్‌కు రెండు పెనాల్టీలిచ్చారు. రెఫరీ రాబర్ట్ హోయ్‌జర్. ఆ సాయంత్రం హాంబర్గ్ అభిమానులు మొత్తుకున్నప్పుడు వారికీ ఈ మద్దెల సామెతకు జర్మన్ భాషలో సాటివచ్చేది ఏదో వినిపించే ఉంటారు. 2005 జనవరిలో నలుగురు తోటి రెఫరీలే హోయ్‌జర్ సంగతి సమాఖ్యకు చెప్పారు. మొదట కాదన్నవాడు తరువాత ఒప్పుకున్నాడు. బెర్లిన్‌లో ఒక కెఫేలో కూర్చునే పందెంరాయుళ్ళ ముఠా దగ్గర అతను పుచ్చుకున్నది 67,000 యూరోలూ, ఒక ప్లాస్మా టీవీనీ! నాకు ఆ టీవీయే ఎక్కువ రోతగా తోచింది. కోర్టు అతనికి రెండేళ్ళ ఐదునెలల శిక్ష వేసింది.

ఆ ఫిర్యాదు చేసిన నలుగురిలో ఒకరు ఫెలిక్స్ జ్వాయర్. 2021 నాటి డార్ట్‌మండ్ ఆటకు రెఫరీ ఆయనే.

అసలు చిక్కు ఇక్కడున్నది. ఫిర్యాదు చేసిన ఈ జ్వాయర్‌నే సమాఖ్య న్యాయస్థానం తరువాత ఆరునెలలపాటు నిషేధించింది. 2004లో ఒక చిన్న ఆటకు తాను సహాయరెఫరీగా ఉన్నప్పుడు హోయ్‌జర్ నుంచి 300 యూరోలు తీసుకున్నాడని అభియోగం. ఆ సొమ్ము తాను పుచ్చుకోలేదనే ఆయన చెబుతూ వచ్చాడు. ఆయన ఆటను తారుమారు చేశాడని ఎవరూ రుజువు చేయలేదు. ఆయన నిర్దోషే కావచ్చు, నా తగవు ఆయనతో కాదు. నా తగవు ఆ తీర్పును లోకానికి చెప్పకుండా బీరువాలో పెట్టి తాళం వేసినవారితో. 2014లో ‘డీ త్సైట్’ అనే వారపత్రిక బయటపెట్టేదాకా ఆ నిషేధం సంగతి సామాన్య అభిమానికి తెలియదు. అన్నేళ్ళూ ఆయన ఈల వేస్తూనే ఉన్నాడు, జనం టిక్కెట్లు కొనుక్కొని చూస్తూనే ఉన్నారు.

దాచినది బయటపడితే దానికి పదింతల బలం వస్తుంది. 2006లోనే, ఇదీ అభియోగం, ఇదీ ఆయన సమాధానం, ఇదీ శిక్ష, శిక్ష ముగిసింది కనుక తిరిగి తీసుకుంటున్నాం అని చెప్పి ఉంటే, పదిహేనేళ్ళ తరువాత ఒక కుర్రవాడి నోట ఆ మాట వచ్చేదా? వచ్చినా దానికి ఇంత పదును ఉండేదా? సమాఖ్య దాపరికానికి జ్వాయర్ కూడా బలి అయ్యాడు. 2021 ఆట తరువాత ఆయనకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. కొన్ని వారాలపాటు మైదానానికి దూరంగా ఉండవలసివచ్చింది. బెదిరించినవాళ్ళు నీచులు, అందులో నాకు రెండో మాట లేదు.

అభిమానులకూ నాలుగు చీవాట్లు బాకీ ఉన్నాయి. 2024 జులై 10న ఐరోపా కప్పు సెమీఫైనలు, ఇంగ్లండుకూ నెదర్లాండ్స్‌కూ. రెఫరీగా జ్వాయర్‌ను వేశారు. ఆడేది అదే డార్ట్‌మండ్ మైదానం. ఇంగ్లండు జట్టులో బెలింగ్‌హామ్! ఇంగ్లండు అభిమానులు ఆటకు ముందే గగ్గోలు పెట్టారు, పగ తీర్చుకుంటాడని. తీరా చూస్తే, వీడియో చూచి ఆయన ఇచ్చిన పెనాల్టీ ఇంగ్లండుకే దక్కింది. అది చాలా వివాదాస్పదమైన పెనాల్టీ. దానిని హ్యారీ కేన్ గోలు చేశాడు, ఇంగ్లండు 2-1తో గెలిచింది. వెంటనే అనుమానం సముద్రం దాటి అవతలిగట్టుకు చేరింది. ఇంగ్లండువారికి ఆయన ధర్మరాజయ్యాడు, డచ్చివారికి శకుని అయ్యాడు. తనకు లాభించిన పొరపాటును గురించి ఒక్కనాడూ నోరెత్తని అభిమాని వేసే ప్రశ్నకు విలువ సగం తగ్గుతుంది. సగమే. మిగిలిన సగానికి జవాబు చెప్పి తీరాలి.

తర్కశాస్త్రంలో సంశయానికి చెప్పే ఉదాహరణ పాతది: మసకవెలుతురులో కనబడేది మోడా, మనిషా అని. ఆ సంశయం కలిగినవాడిది తప్పని ఏ తార్కికుడూ అనలేదు. దీపం తెమ్మన్నారు. ఈ ఫుట్‌బాల్ పెద్దలు దీపం తేకపోగా, మసకలో ఎందుకు చూచావని జరిమానా వేస్తున్నారు.

నేను పదో తరగతి జవాబుపత్రాలు ఎన్నో ఏళ్ళు దిద్దాను. ఎవరి బడి పత్రాలు వారికి ఇవ్వరు. పత్రం మీద పిల్లవాడి పేరుండదు. ఇన్ని ఏర్పాట్లున్నా, మార్కులు తక్కువ వచ్చాయనుకున్నవాడు రుసుము కట్టి మళ్ళీ లెక్కించమని అడగవచ్చు. ఆ అర్జీని మా నిజాయితీకి అవమానమని మేమెవరమూ అనుకోలేదు. ఇంగ్లండులో 2024 ఏప్రిల్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బు, వీడియో రెఫరీ తమ ప్రత్యర్థి లూటన్ జట్టు అభిమాని అని ముందే చెప్పామని బహిరంగంగా అన్నది. ఆ నింద వేసిన తీరు నాకూ నచ్చలేదు. దానికి పడిన జరిమానా 7,50,000 పౌండ్లు. అయితే ఎవరిని ఏ ఆటకు వేయాలన్న నిర్ణయం ఏ లెక్కన జరుగుతుందో జనానికి అర్థమయ్యేటట్టు చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది?

ఇక పందెపు సొమ్ము. ఆ 2024 ఐరోపా కప్పు అధికారిక భాగస్వాములలో బెటానో అనే పందెపు సంస్థ ఉన్నది. ఇంగ్లండు ఆటగాడు ఐవన్ టోనీ పందేలు కాసినందుకు 2023లో ఎనిమిది నెలల నిషేధం అనుభవించాడు, 232 ఉల్లంఘనలట. అతను తొడుక్కున్న బ్రెంట్‌ఫర్డ్ జట్టు చొక్కామీద గుండెకు అడ్డంగా ఉన్నది పందెపు సంస్థ పేరే. 2025-26 సీజను తరువాత చొక్కా ముందువైపు అటువంటి పేర్లు తీసివేయడానికి ప్రీమియర్ లీగు క్లబ్బులు 2023లో ఒప్పుకున్నాయి. చొక్కా చేతికీ, మైదానం చుట్టూ ఉండే పలకలకూ ఆ నియమం వర్తించదు! కల్లుపాక అద్దె తింటూ కొడుకును తాగవద్దని కొట్టే తండ్రిని మా ఊళ్ళో చూచాను. ఆ కొడుకు మాట వినలేదు.

టర్కీలో పరిస్థితి ఇంకా ఘోరం. కాని చెప్పినవారు ఎవరో గమనించండి. 2025 అక్టోబరులో ఆ దేశపు సమాఖ్య అధ్యక్షుడే పత్రికలవారి ముందు లెక్క చదివాడు. 571 మంది రెఫరీలలో 371 మందికి పందెపు ఖాతాలున్నాయి, 152 మంది చురుకుగా పందేలు కాస్తున్నారు. ఒకాయన ఒక్కడే 18,227 పందేలు! ఖాతా ఉన్నంతమాత్రాన ఆట అమ్మినట్టు కాదు, నిజమే. అయినా ఆ లెక్క వినకముందు ఇస్తాంబుల్ అభిమాని ఎవడైనా ‘సగానికి పైగా రెఫరీలకు పందెపు ఖాతాలున్నాయి’ అని ఉంటే పిచ్చివాడికింద జమకట్టేవారు. ఇంటి కుళ్ళును తమ చేతులతో తామే వీధిలో పెట్టారు కనుక ఆ సమాఖ్యకు ఒక నమస్కారం పెడతాను.

దీపం తెస్తే ఏమవుతుందో చెప్పడానికి దృష్టాంతం కూడా ఉన్నది. 2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్ మైదానంలో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ వేసిన గోలును ఆఫ్‌సైడని కొట్టివేశారు. అది ఆఫ్‌సైడు కాదు. రెఫరీల బృందంలోని కొందరు ఆ వారంలోనే ఎమిరేట్స్‌కు పోయి, అక్కడ సొమ్ముకు ఒక ఆట నడిపించి వచ్చారని తెలియడంతో అనుమానానికి రెక్కలొచ్చాయి. క్రికెట్‌లో మూడో అంపైరు మాటలు మన పల్లెటూరి పిల్లవాడికి కూడా టీవీలో వినబడుతాయి. ఫుట్‌బాల్‌లో ఆ గదిలోని మాటలు ఆట నడుస్తుండగా బయటకు రావు. ఈ ఆట విషయంలో, గొడవ భరించలేక, మూడు రోజుల తరువాత ఆ సంభాషణను విడుదల చేశారు. అందులో గూడుపుఠాణీ లేదు. మైదానంలో గోలు ఇచ్చేశారనుకొని ‘సరిచూశాం, అయిపోయింది’ అన్నాడు వీడియో రెఫరీ. క్షణాల్లో తెరముందు కూర్చున్నవాడు పొరపాటు గుర్తించి చెప్పాడు, ఆట ఆపమన్న మాటా వినబడింది. అప్పటికే ఆట మొదలైపోయింది, ఇక చేయగలిగింది లేదని వీడియో రెఫరీ అన్నాడు. విన్నవారికి ఒక మనిషి గొంతు వణకడం వినబడింది. టాటెన్‌హామ్ 2-1తో గెలిచింది, ఆ గోలు లెక్కలోకి రాలేదు.