అలుగు సంరక్షణ: విస్తరణ సేవ ఆటోనగర్‌కూ చేరాలి

విశాఖపట్నం ఆటోనగర్‌లోని లారీ షెడ్లకు, దక్షిణ అమెరికా గడ్డిమైదానాలలో చీమలు, చెదలు తిని బతికే జెయింట్ యాంట్‌ఈటర్‌కు సంబంధమేమిటన్న ప్రశ్న సహజం. బ్రెజిల్‌లో ఆ జంతువుల మనుగడకు ఎదురైన పెద్ద ముప్పులలో వాహనాలు ఢీకొనడం ఒకటి. అక్కడి పశువైద్యులు రహదారులపై మరణించిన జంతువులకు శవపరీక్షలు జరిపి వాటి ఆహారం, వ్యాధులు, శరీర నిర్మాణం గురించి విలువైన సమాచారం సేకరిస్తున్నారు.

మన తూర్పు కనుమలలో ఇదే జీవన విధానం గల జంతువు అలుగు. ఈ రెంటికీ దగ్గరి జన్యు బంధుత్వం లేదు. అయినా ఒకే రకమైన ఆహారం వల్ల రెంటికీ దంతాలు లేని నోరు, పొడవైన జిగట నాలుక, పుట్టలను తవ్వే బలమైన గోళ్లు ఏర్పడ్డాయి. రెండూ సాధారణంగా ఈతకు ఒక్క పిల్లనే కంటాయి. కనుక ఒక్క తల్లి మరణించినా ఆ నష్టం త్వరగా పూడదు. ఆపద ఎదురైనప్పుడు అలుగు ఉండలా చుట్టుకుంటుంది. చిరుతపులి నుంచి కాపాడే ఈ రక్షణ లారీ చక్రం ముందు పనికిరాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో అలుగుకు స్థానముంది. 2016లో సైటిస్ సభ్య దేశాలు దాని అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించాయి. అయినా, మన గోళ్లలో ఉండే కెరాటిన్ తప్ప మరేమీ కాని పొలుసుల కోసం వేట ఆగలేదు.

చట్టంతో పాటు శాస్త్రమూ కావాలి. జెయింట్ యాంట్‌ఈటర్ సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 33 డిగ్రీల సెల్సియస్. అలుగుకు కూడా అది చాలా క్షీరదాల కంటే తక్కువే. పశువులకు, కుక్కలకు వాడే కొలమానాలతో దానికి మత్తు ఇస్తే ప్రాణాపాయం కలగవచ్చు. గాయపడిన అలుగును కాపాడినా, బంధనంలో దానికి తగిన ఆహారం సమకూర్చడం మరో సమస్య. భువనేశ్వర్ సమీపంలోని నందన్‌కానన్ జంతుప్రదర్శనశాల ఈ రంగంలో సంపాదించిన అనుభవం మనకు అందుబాటులోనే ఉంది.

గరివిడి పశువైద్య కళాశాల, అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, విశాఖ జంతుప్రదర్శనశాల, అటవీ శాఖ ఉమ్మడిగా ఈ పని చేపట్టాలి. చెరకు ముచ్చెలను తొలిచే చెదలను అలుగు తింటుందన్న మాట రైతుకు చెప్పదగినదే. అయితే అది సస్యరక్షణకు ప్రత్యామ్నాయమని ఆశ పెట్టరాదు. పొలంలో కనిపించిన అలుగును పట్టకుండా, కొట్టకుండా వదిలేయమని చెప్పడమే సరైన సలహా.

విస్తరణ సేవ పొలం గట్టు దగ్గరే ఆగిపోరాదు. కనుమ దారులలో రాత్రివేళ నడిచే లారీలు మరమ్మతుకు నిలిచే చోటు ఆటోనగర్. బ్రేకులు సరిచేయించుకునే ఆ కొద్ది గంటలలో డ్రైవర్లకు నాలుగు మాటలు చెప్పవచ్చు: అటవీ మార్గంలో వేగం తగ్గించాలి, చనిపోయిన అలుగును తాకరాదు, పొలుసు తీయరాదు, చోటు గుర్తుపెట్టుకొని అటవీ శాఖకు తెలపాలి. అలా అందిన ప్రతి కళేబరమూ విద్యార్థికి పాఠమవుతుంది, బతికున్న అలుగుకు వైద్యమవుతుంది.