అడవి అంచున జంటకన్నుల కావలి

ఖమ్మము నుండి భద్రాచలము వైపు పోవు కొలది పొలమునకును అడవికిని నడుమ గట్టు తప్ప మరియొక హద్దు కానరాదు. 2014లో భద్రాచలము చుట్టునున్న మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమున చేరినవి. 2016లో ఖమ్మము జిల్లా విడివడి భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడినది. అడవిపందికి ఈ సరిహద్దులతో పనిలేదు. మొక్కజొన్న పాలుపట్టిన దినములలో ఒక మంద ఒక్క రాత్రి చొరబడిన చాలును, రైతు నెలల కష్టము తెల్లవారుసరికి నేలపాలగును. పూర్వము మంచె యెక్కి, కేకలు వేసి, డప్పు మ్రోగించి తోలెడివారు. నేడు రాత్రి కావలికి మనుష్యుడు దొరకుట కష్టము. కావుననే కొందరు చేను చుట్టును తీగ లాగి విద్యుత్తును ప్రసరింపజేయుచున్నారు.

ఈ తీగకు పందియని, పశువని, మనుష్యుడని భేదము తెలియదు. చీకటిలో నీరు కట్టబోయిన పాలేరును, తప్పిపోయిన ఎద్దును వెదకబోయిన బాలుడును దానికి ఒక్కటే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మాట యటుంచుడు. పంటను కాపాడుకొనుటకై పొరుగువాని ప్రాణమును పందెమొడ్డుట ఏ ధర్మమునకును సమ్మతము కాదు. అయినను తీగను తీసివేయుడని చెప్పువారు దానికి బదులేదియో చూపవలెను. అట్టి మార్గమొకటి నేడు మన చేతికి అందుబాటున నున్నదని మేము తలంచుచున్నాము.

అది జంటకెమెరా. ఒక కన్ను మూసికొని సూదిలో దారము ఎక్కింపజూచిన వారికి దాని మర్మము తెలియును. రెండు కన్నులు ఒకే వస్తువును ఇంచుక భిన్నముగా చూచును. ఆ భేదము నుండియే మనస్సు దూరమును గ్రహించునని 1838లో ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు వీట్‌స్టన్ నిరూపించెను. ఒంటికెమెరా పంది ఆకారమును పట్టగలదు గాని, దగ్గరనున్న పిల్లదియో, దూరముననున్న పెద్దదియో తిన్నగా చెప్పలేదు. జంటకెమెరా ఆకారముతోపాటు దూరమును గూడ చెప్పును. చప్పుడు వట్టిగా మ్రోగుచుండిన పందులు దానికి అలవాటుపడును. గట్టుకు పదిమీటర్లలోనికి వచ్చినప్పుడే దీపము వెలిగి గంట మ్రోగినచో ఆ బెదురు మరికొంతకాలము నిలుచును.

దీనిని ఆరంభించుటకు పెద్ద కర్మాగారము అక్కరలేదు. 2023లో వెలువడిన రాస్‌బెర్రీ పై 5 అను అరచేతియంత గణనయంత్రమునకు రెండు కెమెరాలను నేరుగా తగిలింపవచ్చును. చిత్రములను పరిశీలించు ఓపెన్‌సీవీ అను సాధనసంపుటి ఉచితముగా లభించుచున్నది. ఒకే జాతి కెమెరాలను రెంటిని వంగని కమ్మికి బిగింపవలెను. చదరంగపు గళ్లపలకను వేర్వేరు కోణములలో పట్టి, రెండు కన్నులకును సరికొలత దిద్దవలెను. రెండును ఒకే క్షణమున చూచునట్లు కూర్పవలెను. లేనిచో పరుగెత్తు జంతువు దూరము తప్పుగా వచ్చును.

లెక్క కూడ సులభమైనదే. కెమెరాల మధ్యదూరము 12 సెంటీమీటర్లు, కటకపు నాభ్యంతరము 700 పిక్సెళ్లు అనుకొందము. మూడుమీటర్ల దూరముననున్న వస్తువు రెండు చిత్రములలోను 28 పిక్సెళ్ల యెడమున కనబడును. ఆరుమీటర్లకు 14, పండ్రెండుమీటర్లకు ఏడు. ఆ యేడింటిని యంత్రము ఆరుగా పొరబడినచో పండ్రెండుమీటర్లు పదునాలుగగును. దూరము పెరిగిన కొలది తప్పును పెరుగును. దూరపు చూపు కావలెనన్నచో కెమెరాలను మరింత ఎడముగా అమర్పవలెను. రాత్రివేళ కంటికి కానరాని పరారుణ దీపము కావలెను. అద్దముపై మంచుపట్టినను, వాన కురిసినను చూపు మందగించును. ఈ లోపములను దాచి యంత్రమును పొగడువారు రైతునకు మేలుచేయువారు కారు.

ఇట్టి విద్య మనకు కొత్తదికాదు. 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రునిపై దిగిన చంద్రయాన్-3 లోని ప్రజ్ఞాన్ బండికి త్రోవ చూపినది జంటకెమెరాయే. దానిని బెంగుళూరులోని ఇస్రో ప్రయోగశాల నిర్మించెను. చంద్రునిపై గుంటను గుర్తింపగలిగిన దేశము చేనిగట్టుపై పందిని గుర్తింపలేదా? మన కెమెరాలలోని సూక్ష్మఫలకములు నేటికిని చాలవరకు పరదేశములనుండియే వచ్చుచున్నమాట నిజము. చెన్నపురి ఐ.ఐ.టి. వారు శక్తి యను ప్రోసెసరును రూపొందించి యుండుట ఆశాజనకము. అయినను ఫలకము స్వదేశమున పుట్టువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ పనిలేదు. మూతవేసిన పెట్టెను కొని తగిలించుకొన్న చెడినప్పుడు అమ్మినవాని ఇంటికే పోవలెను. మన బాలురు తమచేత కూర్చినదానిని తామే బాగుచేసికొందురు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఈ అడవి నమ్ముకొని కోయలు తరతరములుగా బ్రతుకుచున్నారు. తునికాకునకును ఇప్పపూవునకును పోవు స్త్రీలపై కన్నువేయు యంత్రము మాకు సమ్మతము కాదు. అడవి ఫలసాయముపై వారికి గల హక్కును 2006 నాటి అటవీహక్కుల చట్టము గుర్తించియున్నది. కెమెరా చేనివైపును గట్టువైపును చూడవలెనే గాని కాలిబాటను చూడరాదు. మనుష్యరూపము కనబడినచో ఆ చిత్రమును యంత్రము అచటనే చెరిపివేయవలెను. అమర్చుటకు ముందు గూడెము పెద్దలతో మాటలాడవలెను.

కొత్తగూడెము, ఖమ్మములలోని సాంకేతిక కళాశాలలును, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలయును చేయికలిపి, రాబోవు మొక్కజొన్న పంటకు నాలుగైదు చేలలో ఈ ప్రయత్నము సాగింపవలెనని కోరుచున్నాము. పంది ఎన్నిమారులు వచ్చెను, గంట ఎన్నిమారులు మ్రోగెను, ఎన్నిమారులు వృథాగా మ్రోగెను అను లెక్కను తెలుగున ప్రకటింపవలెను. ఫలింపకున్న ఆ మాటయే చెప్పవలెను. మా పాఠకులలో భూమి గలవారు ఇందులకు ఒక చేనును, కొంత ద్రవ్యమును సమకూర్పగలరు. అంతకుముందు వారు చేయవలసిన పని మరియొకటి గలదు. తమ చేను చుట్టునున్న విద్యుత్తు తీగను ఈ సాయంకాలమే విప్పివేయవలెను. కొత్తకావలి వచ్చువరకు మంచెయు డప్పును చాలును.